డిగ్రీ స్టాటిస్టిక్స్ ల్యాబ్‌కు ఉచిత సాఫ్ట్‌వేర్: ఏది, ఎందుకు?

ప్రశ్న: నేను ఒక చిన్న పట్టణంలోని డిగ్రీ కళాశాలలో స్టాటిస్టిక్స్ బోధిస్తున్నాను. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ గ్రూపులో ఏటా నలభై మంది దాకా చేరుతారు. వారిలో ఎక్కువమంది ఇంటర్ వరకు తెలుగు మీడియంలో చదివినవారే. మా ల్యాబ్‌లో పనిచేసే కంప్యూటర్లు పద్దెనిమిది. కొన్ని బాగా పాతవి, ఇంటర్నెట్ వస్తూ పోతూ ఉంటుంది. ఇన్నాళ్లూ ఎవరో ఎక్కించిపెట్టిన లైసెన్సు లేని ఖరీదైన ప్యాకేజీతో నెట్టుకొచ్చాం. ఇకమీదట అలా చేయడం నాకు ఇష్టం లేదు. ఆర్ (R) అనే కంప్యూటర్ భాష నేర్పమని కొందరు, పైథాన్ భాష నేర్పమని కొందరు, మెనూలతో నడిచే జమోవి చాలని ఇంకొందరు అంటున్నారు. ఎక్సెల్ ఉండగా ఇవన్నీ ఎందుకని మా సీనియర్ల అభిప్రాయం. పైగా నిరుడు ప్రాక్టికల్ పరీక్షలో కంప్యూటర్ ఇచ్చిన చతుర్థాంశం (క్వార్టైల్, అంటే అంకెలను వరుసలో పేర్చి నాలుగు భాగాలు చేసే విలువ) ఒకటి, పిల్లలు చేత్తో కట్టిన చతుర్థాంశం ఒకటి వచ్చాయి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగితే పిల్లలు చెప్పలేకపోయారు, నేనూ చెప్పలేకపోయాను. ఏది ఎంచుకోమంటారు?

— ఒక అధ్యాపకురాలు

సమాధానం: మీరు అడిగింది సాఫ్ట్‌వేర్ గురించే అయినా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఎగ్జామినర్ ముందు పిల్లలు మాట రాక నిలబడిన ఆ సంగతి. ఆ చిక్కుకు సమాధానం దొరికితే ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలన్నది కూడా దాదాపు తేలిపోతుంది కాబట్టి, నా సలహా ముందు చెప్పి, కారణాలు చెబుతూ అక్కడికే వస్తాను.

మీ గ్రూపు విద్యార్థులకు ఆర్ నేర్పండి. మొదటి సంవత్సరం ఆర్ కమాండర్ అనే మెనూల తొడుగుతో మొదలుపెట్టి, రెండో సంవత్సరం నుంచి కమాండ్లు వాళ్ల చేతనే రాయించండి. కామర్స్ విద్యార్థులకో సైకాలజీ విద్యార్థులకో ఒక్క సెమిస్టర్ స్టాటిస్టిక్స్ చెప్పవలసి వస్తే, వాళ్లకు మాత్రం జమోవి చాలు. స్టాటిస్టిక్స్ ప్రధానంగా చదివే విద్యార్థి తాను ఏ లెక్క ఏ సూత్రంతో చేశాడో అడుగడుగునా చూపించగలగాలి, దాన్ని చేతి లెక్కతో పోల్చి సరిచూసుకోగలగాలి. ఈ పని ఆర్‌లో జరిగినంత బాగా మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో జరగదని నా నమ్మకం.

లైసెన్సు లేని ప్యాకేజీని తీసేయాలన్న మీ నిర్ణయం సరైనది, దానికి చట్టం ఒక్కటే కారణం కాదు. నేను పనిచేసిన ఒక కళాశాలలో డబ్బు కట్టి కొన్న ప్యాకేజీ గడువు విద్యా సంవత్సరం మధ్యలోనే ముగిసింది. రెన్యువల్‌కు నిధులు రాలేదు. మూడో సంవత్సరం పిల్లల ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఆ ప్యాకేజీ సొంత ఫార్మాట్‌లో ఉండిపోయి, పరీక్షకు మూడు వారాల ముందు వాటిని తెరిచే దారి లేకపోయింది. వాళ్లు ప్రింటు తీసుకున్న కాగితాల నుంచి అంకెలను మళ్లీ ఎక్కించుకుంటుంటే చూసిన నాకు, చదువు చెప్పే సాధనం తాళం మరొకరి చేతిలో ఉండకూడదని ఆ రోజే గట్టిగా అనిపించింది. ఆర్ జనరల్ పబ్లిక్ లైసెన్స్ కింద విడుదలయ్యే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దాన్ని పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి విద్యార్థి ఇంటికి తీసుకుపోవచ్చు, పై చదువుకు పోయినచోట వాడుకోవచ్చు, పదేళ్ల తరువాత తన విద్యార్థులకు ఇవ్వవచ్చు. ముప్పై రోజుల ట్రయల్‌నూ, విద్యార్థులకిచ్చే రాయితీనీ కూడా ఉచితమనే ప్రచారం చేస్తుంటారు; మీరు ఆ మాటలకు లొంగవద్దు.

ఆర్ పుట్టింది స్టాటిస్టిక్స్ విభాగంలోనే. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ చేంబర్స్ బృందం 1976లో మొదలుపెట్టిన ఎస్ అనే భాషను నమూనాగా తీసుకుని, 1990ల తొలి సంవత్సరాల్లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు అధ్యాపకులు దీన్ని తయారు చేశారు. మొదటి పూర్తి వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. ఈ పుట్టుక ప్రభావం మీ సిలబస్ మొదటి యూనిట్లలోనే కనిపిస్తుంది. ద్విపద, పాయిజాన్, నార్మల్, టి, కై-స్క్వేర్, ఎఫ్, ఏ విభాజనం తీసుకున్నా ఆర్‌లో నాలుగు ఫంక్షన్లు ఉంటాయి: డి అక్షరంతో మొదలయ్యేది సాంద్రతను లేదా ఆ బిందువు దగ్గరి సంభావ్యతను, పి అక్షరంతో మొదలయ్యేది సంచిత సంభావ్యతను, క్యూతో మొదలయ్యేది దానికి విలోమమైన క్రిటికల్ విలువను, ఆర్‌తో మొదలయ్యేది యాదృచ్ఛిక సంఖ్యలను ఇస్తాయి. పుస్తకం చివరి పట్టికల్లో వేలు పెట్టి వెతికే 1.96 ఎక్కడి నుంచి వస్తుందో విద్యార్థి తన చేత్తో రాబట్టుకుని చూసిన రోజున, ఆ పట్టిక అతనికి మొదటిసారి అర్థమవుతుంది.

ఆర్ కమాండర్‌ను కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ ఫాక్స్ తయారు చేశారు. అందులో మెనూలో ఏ పని ఎంచుకున్నా, దానికి సరిపోయే ఆర్ కమాండు స్క్రిప్ట్ కిటికీలో రాసి కనిపిస్తుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు మొదటి రోజే ఖాళీ తెర మీద ఇంగ్లిష్ కమాండ్లు కొట్టాలంటే బెదిరిపోతారు. ఒక్క కామా తప్పితే ఎర్రక్షరాలతో వచ్చే సందేశం చూసి, తమకు స్టాటిస్టిక్స్ రాదనే నిర్ణయానికి వచ్చేస్తారు. అలా కాకుండా ఆరు నెలలపాటు మెనూ నొక్కుతూ కింద పుట్టే వాక్యాన్ని చూస్తూ ఉంటే, ఆ వాక్యం కళ్లకు అలవాటవుతుంది. అప్పుడు దాన్నే కొద్దిగా మార్చి నడపమనండి. రెండో సంవత్సరం వచ్చేసరికి మెనూను వాళ్లే పక్కన పెడతారు.

ఇప్పుడు మీ చతుర్థాంశం సంగతి. ఎనిమిది మంది మార్కులు తీసుకుందాం: 12, 15, 18, 22, 25, 28, 31, 40. మన పాఠ్యపుస్తకాల పద్ధతిలో మొదటి చతుర్థాంశం స్థానం ఎనిమిదికి ఒకటి కలిపి నాలుగుతో భాగిస్తే వచ్చే 2.25. అంటే 15 దాటి, 15కూ 18కీ మధ్య దూరంలో పావు వంతు; జవాబు 15.75. ఇవే అంకెలు ఆర్‌కు ఇచ్చి సమ్మరీ అడిగితే 17.25 అంటుంది. ఎందుకంటే ఆర్ స్థానాన్ని ఎనిమిదిలోంచి ఒకటి తీసేసి, పావు వంతు చేసి, ఒకటి కలిపి లెక్కిస్తుంది కాబట్టి స్థానం 2.75 అవుతుంది. అదే ఆర్‌లో బాక్స్ ప్లాట్ గీస్తే పెట్టె కింది అంచు 16.5 దగ్గర పడుతుంది, కారణం అది కింది సగం నాలుగు అంకెల మధ్యగతాన్ని తీసుకుంటుంది. ఒకే డేటాకు మూడు జవాబులు వచ్చాయి, మూడింటిలో ఏదీ తప్పు కాదు. రాబ్ హైండ్‌మన్, యానన్ ఫాన్ 1996లో ఇలాంటి తొమ్మిది నిర్వచనాలను వర్గీకరించారు. ఆర్ ఆ తొమ్మిదింటినీ లెక్కగట్టగలదు, ఏదీ చెప్పకపోతే ఏడో రకం ఇస్తుంది. టైప్ 6 అని అడిగి చూడండి, మీ పుస్తకంలోని 15.75 అచ్చంగా వస్తుంది. ఎక్సెల్‌లో కూడా ఇన్‌క్లూజివ్ చతుర్థాంశం ఆర్ సమ్మరీతోనూ, ఎక్స్‌క్లూజివ్ చతుర్థాంశం మన పుస్తకంతోనూ కలుస్తాయి.

ఇటువంటిదే క్రమవిచలనం (స్టాండర్డ్ డీవియేషన్). పై ఎనిమిది మార్కులకు ఆర్ ఇచ్చే క్రమవిచలనం 9.156. పైథాన్‌లోని నంపై అనే లైబ్రరీ మాత్రం 8.565 ఇస్తుంది, పక్కనే ఉండే పాండాస్ లైబ్రరీ మళ్లీ 9.156 అంటుంది. 9.156 ఏడుతో, 8.565 ఎనిమిదితో భాగించిన ఫలితం. వర్ణనాత్మక స్టాటిస్టిక్స్ అధ్యాయంలో మన పుస్తకాలు ఎనిమిదితో భాగిస్తాయి, శాంప్లింగ్ అధ్యాయానికి వచ్చేసరికి ఏడుతో భాగిస్తాయి, పిల్లలు ఆ మార్పును గమనించకుండానే దాటిపోతారు. కంప్యూటర్ జవాబు పుస్తకంతో కలవని ఆ క్షణాన్ని పాఠంగా మార్చుకోండి. రికార్డులో ప్రతి జవాబు పక్కన ఏ నిర్వచనం, ఏ హారం వాడారో ఒక వాక్యం రాయించే అలవాటు చేస్తే, ఎగ్జామినర్ అడిగినప్పుడు పిల్లలు బెరుకు లేకుండా చెప్పగలుగుతారు.

ఆర్‌తోపాటే వచ్చే డేటాల్లో స్లీప్ అనేది ఒకటి ఉంది. స్టూడెంట్ అనే కలం పేరుతో విలియం గాసెట్ 1908లో టి-పరీక్షను ప్రతిపాదించిన వ్యాసంలో వాడిన అంకెలే అవి: పది మంది రోగులు, రెండు మందులు, ఒక్కో మందు వల్ల ఎన్ని గంటల నిద్ర పెరిగిందన్న లెక్క. సగటున మొదటి మందుతో 0.75 గంటలు, రెండో దానితో 2.33 గంటలు పెరిగింది. రెండు వేర్వేరు గుంపులుగా భావించి పరీక్ష చేస్తే పి-విలువ (నిజంగా తేడా లేకపోయినా కనీసం ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే సంభావ్యత) 0.079 వస్తుంది, ఐదు శాతం స్థాయిలో తేడా లేదని రాయవలసి వస్తుంది. ఆ పది మందే రెండు మందులూ వాడారు కాబట్టి జతలుగా పరీక్షిస్తే పి-విలువ 0.0028కి పడిపోతుంది. మెనూలో ఏ పరీక్షను నొక్కాలో సాఫ్ట్‌వేర్ చెప్పదు, డేటా ఎలా పుట్టిందో తెలిసినవాళ్లే చెప్పాలి. టి-పరీక్ష పాఠానికి ఇంతకన్నా మంచి ప్రాక్టికల్ నాకు తెలియదు.

మూడో సంవత్సరం డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్‌లో ప్రతి బ్యాచ్‌లోనూ ఒక పొరపాటు జరుగుతుంది. నాలుగు ట్రీట్‌మెంట్లు, ఐదు బ్లాకులు ఉన్న ఆర్.బి.డి. (రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్) ప్రయోగంలో ట్రీట్‌మెంట్లకు 1, 2, 3, 4 అని, బ్లాకులకు 1 నుంచి 5 దాకా నంబర్లు వేస్తాం. వాటిని వర్గాలుగా చూడాలని చెప్పకపోతే ఆర్ వాటిని మామూలు సంఖ్యలుగా తీసుకుని ఒక సరళరేఖను అమర్చేస్తుంది, చక్కగా ఎనోవా (అనాలిసిస్ ఆఫ్ వేరియన్స్) పట్టిక కూడా ఇస్తుంది. పట్టిక చూడగానే పిల్లలు పి-విలువ దగ్గరికి పరిగెత్తుతారు. మీరు వాళ్ల చూపును డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ గడి దగ్గర ఆపండి. అక్కడ 3, 4, 12 ఉండాలి; 1, 1, 17 కనిపిస్తే లెక్క మొత్తం తప్పు. చేత్తో ఎనోవా కట్టినవాళ్లకే ఆ తప్పు కంటికి తగులుతుంది కాబట్టి, కంప్యూటర్ వచ్చిందని చేతి లెక్కలను మానేయవద్దు. చిన్న డేటాను ఒక్కసారి చేత్తో కట్టించి, అదే డేటాను కంప్యూటర్‌లో సరిచూడనిచ్చి, ఆ తరువాతే పెద్ద డేటా ఇవ్వండి.

జమోవి మంచి సాఫ్ట్‌వేర్, దాన్ని తక్కువ చేయను. లోపల ఆర్ మీదే నడుస్తుంది, స్ప్రెడ్‌షీట్ లాగా కనిపిస్తుంది, కోరితే వెనకాల ఉన్న ఆర్ కమాండ్లను కూడా చూపిస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో తయారైన జాస్ప్ కూడా ఇలాంటిదే, అందులో బేసియన్ పద్ధతులు ప్రత్యేకం. ఎకనామిక్స్ వాళ్లకు కాలశ్రేణులు, ప్రతిగమనం చెప్పడానికి గ్రెటిల్ బాగుంటుంది. మీ పాత ఫైళ్లు ఎస్.పి.ఎస్.ఎస్. అనే ఖరీదైన ప్యాకేజీ ఫార్మాట్‌లో ఉంటే పి.ఎస్.పి.పి. వాటిని తెరుస్తుంది, ఆ పని వరకు దాన్ని ఒక్క కంప్యూటర్‌లో ఉంచుకోండి. ఒకే కోర్సులో రెండు మూడు సాఫ్ట్‌వేర్లు నేర్పితే మాత్రం పిల్లలకు బటన్లు గుర్తుంటాయి, స్టాటిస్టిక్స్ వెనకపడుతుంది.

మీ సీనియర్ల మాటలో కొంత న్యాయం ఉంది. డేటా ఎక్కించడానికి, వరుసలు సరిచేయడానికి ఎక్సెల్ గానీ, ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ కాల్క్ గానీ తప్పక వాడించండి. విశ్లేషణ మాత్రం అక్కడ వద్దు. గడుల్లో దాగిన సూత్రాల్లో ఒకటి తప్పినా ఎవరికీ కనిపించదు, ఎగ్జామినర్ నలభై ఫైళ్లలో గడి గడికీ తెరిచి చూడలేరు. 2003కు ముందటి ఎక్సెల్‌లో క్రమవిచలనం లెక్కించే పద్ధతే బలహీనంగా ఉండి, పెద్ద సంఖ్యల మధ్య చిన్న తేడాలున్న డేటాకు తప్పు జవాబులు ఇచ్చేది. 2003 వెర్షన్‌లో దాన్ని సరిచేశారు. లెక్క ఇప్పుడు సరిగ్గానే రావచ్చు గానీ, లెక్క కట్టిన దారి కనబడదన్న నా అభ్యంతరం అలాగే ఉంది.

పైథాన్ మీద నాకు చిన్నచూపు లేదు. ఉద్యోగాల్లో దాని అవసరం ఎక్కువ. మీ గ్రూపు పిల్లలకు కంప్యూటర్ సైన్స్ పేపరులో ఎలాగూ దాన్ని నేర్పుతున్నట్లయితే అక్కడే నేర్చుకోనివ్వండి, చివరి సంవత్సరం ప్రాజెక్టును అందులో చేయాలనుకున్నవారికి అనుమతి ఇవ్వండి. స్టాటిస్టిక్స్ ల్యాబ్‌లో మాత్రం టి-పరీక్షకు ముందు లైబ్రరీలు, డేటాఫ్రేములు, వస్తువులు, పద్ధతులు అంటూ మరో పాఠం చెప్పవలసి వస్తుంది, వారానికి మీకు దొరికే రెండు మూడు గంటల్లో అందుకు చోటు లేదు.

ఇక మీ కంప్యూటర్లు. ముందుగా అవి 32-బిట్ విండోసా, 64-బిట్ విండోసా చూడండి. 2022లో వచ్చిన ఆర్ 4.2.0 నుంచి 32-బిట్ విండోస్‌కు ఆర్ రావడం ఆగిపోయింది, దానికి సరిపోయే చివరి వెర్షన్ 4.1.3. అయితే 4.2.0 నుంచే విండోస్ 10 మీద అన్ని భాషల అక్షరాలనూ నిల్వ చేసే యూ.టి.ఎఫ్-8 పద్ధతి వచ్చింది కాబట్టి, తెలుగులో ఊర్ల పేర్లున్న డేటా చెదరకుండా చదవబడుతుంది. పాత కంప్యూటర్లు ఒకటో రెండో అయితే వాటిని పక్కన పెట్టి మిగతా వాటికి కొత్త వెర్షన్ వేయండి. సగానికి సగం పాతవే అయితే అన్నింటికీ 4.1.3 వేయండి, డిగ్రీ సిలబస్‌కు అది చాలు. రెండు వెర్షన్లు కలిపి మాత్రం ఉంచవద్దు. ఉదాహరణకు, జతల టి-పరీక్షను ఫార్ములా రూపంలో రాసే పాత పద్ధతి 4.4.0 నుంచి చెల్లదు, పక్కపక్క కంప్యూటర్లలో ఒకే కమాండు ఒకచోట నడిచి మరోచోట ఆగిపోతే పిల్లలు తమ తప్పే అనుకుంటారు.

ఇంటర్నెట్ లేకపోయినా ఇబ్బంది లేదు. ఆర్ ఇన్‌స్టాలర్ వంద ఎంబీ లోపే ఉంటుంది. ఆర్ కమాండర్ మాత్రం చాలా ప్యాకేజీల మీద ఆధారపడుతుంది. అందుకని ఇంటర్నెట్ బాగున్నచోట ఒక కంప్యూటర్‌లో అన్నీ పూర్తిగా ఎక్కించి, ఆ లైబ్రరీ ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, అదే వెర్షన్ ఉన్న మిగతా కంప్యూటర్లలోకి కాపీ చేయండి. ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో ఆర్ మీద చిన్న చిన్న వీడియో పాఠాలున్నాయి, వాటిని కూడా దించి ల్యాబ్‌లో పెట్టుకోవచ్చు. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలు ఫోన్‌లో గూగుల్ కోల్యాబ్ ద్వారా ఆర్ నడపగలరు. ఫోన్ మీద కమాండ్లు కొట్టడం కష్టమే కాబట్టి ల్యాబ్‌ను మధ్యాహ్నం మరో గంట తెరిచి ఉంచగలిగితే వాళ్లకు అదే పెద్ద మేలు.

డేటా విషయంలో ఒక మాట. ఆర్‌తో వచ్చే ఎంటికార్స్ డేటా 1974 నాటి అమెరికా పత్రికలోని కార్లది. మన పిల్లలకు ఆ కార్లతో పనిలేదు. యాన్‌స్కోంబ్ అనే స్టాటిస్టీషియన్ 1973లో తయారుచేసిన నాలుగు డేటాలను మాత్రం తప్పక చూపించండి. నాలుగింటికీ సగటులు, సహసంబంధం 0.816, ప్రతిగమన రేఖ ఒకటే. బొమ్మ గీస్తే నాలుగూ నాలుగు రకాలు. మిగతా ప్రాక్టికల్స్‌కు మీ ఊరి అంకెలే వాడండి: రైతు బజారులో నెలరోజుల టమాటా ధర, మండలంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసిన వాన, మీ క్లాసు పిల్లలు ఇంటి నుంచి కళాశాలకు రావడానికి పట్టే నిమిషాలు. శాంప్లింగ్ ప్రాక్టికల్‌లో ప్రతి విద్యార్థినీ తన హాల్‌టికెట్ నంబరులోని చివరి నాలుగంకెలనే సీడ్‌గా, అంటే యాదృచ్ఛిక సంఖ్యల వరుసకు మొదలుగా పెట్టుకోమనండి. ఎవరి శాంపిల్ వారిది అవుతుంది, పక్కవారి రికార్డు చూసి రాయడం కుదరదు, ఎగ్జామినర్ అదే సీడ్ కొట్టి అక్కడికక్కడే సరిచూడవచ్చు.

జూన్‌లో తరగతులు మొదలయ్యేలోపు ఈ సంవత్సరం రికార్డులోని లెక్కలన్నీ మీరే ఒకసారి ఆ పద్దెనిమిది కంప్యూటర్లలో ఒకదాని మీద పూర్తిగా చేసి చూడండి. పుస్తకం జవాబుతో కలవనివి ఒక కాగితం మీద విడిగా రాసుకోండి. చతుర్థాంశం, క్రమవిచలనం, బహుశా ఇంకో రెండు మూడు తేలుతాయి. మొదటి ల్యాబ్ క్లాసును ఆ కాగితంతోనే ప్రారంభించండి.